సాయంత్రం దాకా గాలి

ఆఫీసులో ఆమెను అందరూ గాలి మేడమ్ అంటారు. అక్క కూతురు ఇంకో అడుగు ముందుకేసి గాలి పిన్ని అని పిలుస్తుంది. "మా పిన్ని పొద్దస్తమానం గాలి లెక్కపెట్టుకుంటూ కూర్చుంటుంది, దానికి జీతం కూడా ఇస్తారు" అని స్నేహితురాళ్ళకు చెప్పి పడీపడీ నవ్వుతుంది.

ఆ మాటలో అబద్ధం లేదు. కొండ మీద వరసగా నిలబడ్డ గాలిమరలు రేపు ఏ వేళకు ఎంత కరెంటు ఇస్తాయో ఈ రోజే లెక్క కట్టి చెప్పడం ఆమె ఉద్యోగం. ఆ లెక్క విద్యుత్ మార్కెట్‌కు వెళుతుంది. బొగ్గువాళ్ళు, గ్యాస్‌వాళ్ళు, గాలివాళ్ళు అందరూ రేపటి కరెంటును అక్కడ ముందుగానే అమ్ముకుంటారు. గాలి ఎక్కువ ఇస్తానంటే, ఆ మేరకు ఊరి చివర గ్యాస్ ప్లాంటును నడపనక్కర్లేదని చల్లారనిస్తారు. తీరా గాలి మాట తప్పితే, చల్లారిన ప్లాంటు మళ్ళీ వేడెక్కి కరెంటు ఇచ్చేసరికి గంటలు పడుతుంది. ఈలోగా ఎవరో ఒకరి ఇంట్లో దీపం ఆరిపోవాల్సిందే.

అందుకే సవరణ అని ఒక వెసులుబాటు పెట్టారు. పొద్దున్నే గాలి తీరు మారినట్టు కనిపిస్తే, గడువు దాటకముందు మధ్యాహ్నం లెక్కను దిద్దుకోవచ్చు. ఆమె ఎన్నోసార్లు దిద్దింది. కొత్తగా చేరినవాళ్ళకు మొదటి రోజే చెప్పేది కూడా అదే. "మన లెక్క తప్పడం మామూలే. తప్పిందని తెలిసి కూడా నోరు మూసుకుంటే మాత్రం మనకంటే దుర్మార్గులు ఉండరు."

ఆ రోజు వాళ్ళ ఆఫీసుకు గ్రిడ్ కంట్రోల్ రూమ్ పెద్దాయన వచ్చాడు. నెరిసిన మీసాలు, గది దాటి వినిపించే గొంతు. ఊరికి వచ్చే కరెంటూ పోయే కరెంటూ ఆయన చేతి కిందివే. గాలి కరెంటు వాటా పెంచాలని కంపెనీ ఆయన్ని బతిమాలుకుంటోంది. మేనేజర్ పక్కనే కూర్చుని, ఆయన కప్పు ఖాళీ కాకుండా చూసుకుంటున్నాడు.

"మీరు గాలి అమ్ముకుంటారు, బాగానే ఉంది" అన్నాడు పెద్దాయన. "గాలి పోయినప్పుడు జనం తిట్లు తినేది నేను. మీ లెక్కలన్నీ చూశాను. గాలి మాటలే ఎక్కువ."

గదిలో అందరూ నవ్వారు. మేనేజర్ కూడా నవ్వాడు. ఆమెకు ఒళ్ళు మండింది. ఏళ్ళ తరబడి కళ్ళు లాగేదాకా తెరల ముందు కూర్చుని నేర్చుకున్న విద్య అది. లేచి నిలబడి గోడ మీది గాలుల పటం చూపించింది. ఏ దిక్కు నుంచి గాలి వస్తోందో, ఎందుకు వస్తోందో విడమరిచి చెప్పింది. పెద్దాయన శ్రద్ధగానే విన్నాడు.

"అయితే ఇవాళ సంగతేమిటమ్మా?"

"సాయంత్రం దాకా గాలి నిలబడుతుంది సార్. రాసిపెట్టుకోండి."

మేనేజర్ మొహం వెలిగిపోయింది.

కాసేపటికి కాఫీ కోసం అందరూ లేచారు. ఆమె అలవాటుగా తన బల్ల దగ్గరికి వచ్చి తెర చూసింది. పడమటి కొండ కొసన, గాలి వేగం కొలవడానికి పాతిన స్తంభం ఒకటి ఉంది. మరలకు తగలబోయే గాలి ముందుగా తగిలేది దానికే. తెర మీద ఆ స్తంభం చూపే వేగం గీత కిందికి జారుతోంది. అటూ ఇటూ ఊగుతూ కాదు, బరువు కట్టి వదిలినట్టు తిన్నగా దిగుతోంది. పొద్దున రెండు వాతావరణ అంచనాల్లో ఒకటి మధ్యాహ్నానికే గాలి పడిపోతుందని చెప్పింది. ఆమె రెండోదాన్ని నమ్మింది.

సవరణకు గడువు ఇంకా ఉంది. చెయ్యి మౌసు మీదకు వెళ్ళింది.

అద్దం గోడకు అవతల పెద్దాయన కప్పు పట్టుకుని మేనేజర్‌తో ఏదో చెప్పి నవ్వుతున్నాడు. ఇప్పుడు దిద్దితే ఆ కబురు నేరుగా ఆయన జేబులోని ఫోన్‌కే వెళుతుంది. రాసిపెట్టుకోమని చెప్పి అరగంట కూడా కాలేదు. ఆయన ఫోన్ చూసుకుంటాడు, తన వైపు చూస్తాడు, మీసం కింద నవ్వుకుంటాడు. ఆ నవ్వు ఆమెకు అప్పుడే కనిపించింది.

'ఒక్క స్తంభమే కదా, దాని మీద ఏ పిట్టో వాలి ఉంటుంది. క్రితం నెలలో ఓసారి చెడిపోయింది కూడా' అని సర్దిచెప్పుకుంది. పిట్ట కాదని ఆమెకు తెలుసు. చెడిపోయిన గీత ఎలా ఉంటుందో, నిజంగా పడిపోయే గీత ఎలా ఉంటుందో ఆమెకంటే బాగా తెలిసినవాళ్ళు ఆ భవనంలో లేరు. అయినా తెర ఆర్పేసి మీటింగులోకి వెళ్ళి కూర్చుంది. గడువు దాటిపోయింది.

భోజనాల తర్వాత మరలు ఒక్కొక్కటే నిలిచిపోయాయి. పెద్దాయన ఫోన్ మోగింది. ఆయన నవ్వలేదు. కనీసం ఆమె వైపు చూడను కూడా లేదు. కుర్చీ వెనక్కి తన్ని, మెట్ల మీద గబగబా దిగుతూ అరుస్తున్నాడు. "గ్యాస్ వాళ్ళని లేపండి. అది వచ్చేదాకా ఊరి బయటి లైన్లు తీసెయ్యండి. ఆసుపత్రి లైన్ ముట్టుకోవద్దు. బయటివే తియ్యండి!"

కోడిగుడ్లు పొదిగించి పిల్లల్ని తీసే అక్క హేచరీ ఆ ఊరి బయటి లైన్ల మీదే ఉంది.

ఆమె అక్కకు ఫోన్ చేసింది. ఎత్తలేదు. బావకు చేసింది. ఎత్తలేదు. ఆఫీసులో దీపాలు నిక్షేపంగా వెలుగుతున్నాయి, ఏసీలోంచి చల్లటి గాలి వస్తోంది. ఆమె బ్యాగు అందుకుని మెట్లు దిగింది.

హేచరీకి వెళ్ళేసరికి ఎండ ఇంకా వాలలేదు. కరెంటు అప్పుడే తిరిగి వచ్చింది. గుడ్లు పొదిగే పెద్ద పెట్టెల తలుపులన్నీ బార్లా తెరిచి ఉన్నాయి. ఆ రోజే గుడ్లు పగిలి పిల్లలు బయటికి రావాల్సిన రోజు. పిల్లలు అంతకంతకూ వేడి పుట్టిస్తాయి. లోపలి ఫ్యాన్లు ఆ వేడిని బయటికి తోసెయ్యాలి. ఫ్యాన్లు ఆగితే వాటి వేడికి అవే ఉడికిపోతాయి. అక్క కూతురు చేతిలో ట్రే మూత ఇంకా అలాగే ఉంది. విసిరి విసిరి భుజాలు పడిపోయి, గోడకు ఆనుకుని ఏడుస్తోంది. ట్రేలలో సగం పగిలిన గుడ్లున్నాయి. ఆ పగుళ్ళలోంచి ముక్కులు బయటపెట్టి, అక్కడితో ఆగిపోయిన పిల్లలున్నాయి. తడి నూగు వాసన గది నిండా నిండిపోయింది.

బావ బయట జనరేటర్ షెడ్డు మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. మోచేతుల దాకా నల్లటి మడ్డి. ఆమెను చూసి తల దించుకున్నాడు.

"బ్యాటరీ చచ్చిపోయిందే" అన్నాడు. "మార్చాలి మార్చాలి అనుకుంటూనే ఉన్నాను."

లోపలి నుంచి అక్క గొంతు వినిపించింది. "అనుకుంటూ ఉండు! ఎన్నిసార్లు చెప్పాను? నోరు నొప్పి పుట్టేలా చెప్పాను. కరెంటు పోవడం ఇవాళ కొత్తా? దానికోసం కాకపోతే ఆ జనరేటర్ ఎందుకు, అలంకారానికా? నీ బద్ధకం నా పిల్లల్ని పొట్టన పెట్టుకుంది."

అమ్మ పోయాక ఆమెకు తల దువ్వి బడికి పంపింది ఈ అక్కే. కోపం వస్తే ఎవరినీ లెక్కచెయ్యదు. చీర కుచ్చిళ్ళు దోపుకుని ట్రేలు ఎత్తి గోనెల్లోకి వంచుతోంది. ఆమె కూడా వెళ్ళి ఒక ట్రే అందుకుంది. గుడ్లు ఇంకా వెచ్చగా ఉన్నాయి.

"పిన్నీ, అసలు కరెంటు ఎందుకు పోయింది?" అక్క కూతురు ముక్కు తుడుచుకుంటూ అడిగింది.

"గాలి పడిపోయింది."

"నీకు ముందే తెలుస్తుంది కదా?"

"ఒక్కోసారి తెలియదు" అంది ఆమె.

ఎంత తేలిగ్గా వచ్చిందో ఆ మాట! చెప్పాక తనకే వింతగా అనిపించింది.

ఆ వారమంతా ఆఫీసు అయ్యాక హేచరీకి వెళ్ళి సాయం చేసింది. పెట్టెలు కడిగింది, మందు నీళ్ళు చల్లింది. అక్క బావతో మాట్లాడటం మానేసింది. అన్నం గిన్నె ఆయన ముందు చప్పుడయ్యేలా పెట్టి వెళ్ళిపోయేది. బావ కిక్కురుమనకుండా తిని, కొత్త బ్యాటరీ బిగించిన జనరేటర్‌ను రోజుకు పదిసార్లు ఆన్ చేసి చూసుకునేవాడు. ఆ చప్పుడు వినిపించినప్పుడల్లా ఆమె పెట్టెలు ఇంకా గట్టిగా తోమేది.

"పోనీలే అక్కా" అంది ఒకసారి. "బావ ఒక్కడిదే తప్పంటావా?"

"మరెవరిది?"

ఆమె గుడ్డ పిండి మళ్ళీ పెట్టె తుడవసాగింది.

ఆఫీసులో అందరూ ఒక్క మాట మీద ఉన్నారు. వాతావరణం హఠాత్తుగా మారింది, ఎవరేం చెయ్యగలరు? మేనేజర్ ఆమె బల్ల దగ్గరికి వచ్చి, "అకస్మాత్తుగా పడిపోయింది, అంతేగా?" అన్నాడు. ఆమె తలూపింది. ఆయన భుజం తట్టి వెళ్ళాడు. ఆ తట్టిన చోట నిప్పు పెట్టినట్టయింది.

ఆ వారం చివర్లో పెద్దాయన ఫోన్ చేశాడు.

"ఊరి బయట జనం నన్ను కడిగేస్తున్నారమ్మా. అది నాకు అలవాటే. మళ్ళీ ఇలా జరగకూడదని అడుగుతున్నాను. మీ దగ్గర ముందుగా చిన్న జాడైనా కనపడలేదా?"

లేదని చెప్పడానికి నోరు తెరిచింది. అక్క కూతురికి చెప్పిన మాట నాలుక చివర సిద్ధంగానే ఉంది. కానీ ఈసారి అది బయటికి రాలేదు.

"కనపడింది సార్. కాఫీ వేళకే కనపడింది. గడువు కూడా ఉంది. నేనే దిద్దలేదు."



"ఎందుకమ్మా?"

"రాసిపెట్టుకోమన్నాను కదా. మీరు నవ్వుతారని."

"నవ్వేవాణ్ణే" అన్నాడు పెద్దాయన. ఆ గొంతు అంత చిన్నగా మాట్లాడగలదని ఆమెకు తెలియదు. "నవ్వి, గ్యాస్ వాళ్ళకి ఫోన్ చేసేవాణ్ణి. ఒక్క లైనూ తియ్యాల్సిన పని ఉండేది కాదు."

ఆయన ఫోన్ పెట్టేశాడు. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

మేనేజర్ మాత్రం తిట్టాడు. "మానిపోతున్న పుండును గోళ్ళతో గీకావు. ఇక మన గాలిని ఎవడు నమ్ముతాడు?" అన్నాడు. ఆమెను లెక్కల బల్ల నుంచి తీసేసి, పాత అంచనాలు సరిచూసే పనిలో పడేశాడు. ఆమెకు అది శిక్షలా అనిపించలేదు. అసలు శిక్ష ఊరి బయట ఉంది.

హేచరీకి వెళ్ళేసరికి అక్క వాకిట్లో ట్రేలు ఎండబెడుతోంది. బావ షెడ్డులో ఉన్నాడు. ఆమె ఇద్దరినీ వంటగదిలోకి పిలిచింది. కూర్చోలేక నిలబడే చెప్పింది. స్తంభం గీత, కాఫీ కప్పు, పెద్దాయన నవ్వుతాడన్న భయం, ఏదీ దాచలేదు. చెబుతున్నంతసేపూ పొయ్యి పక్కన గోడనే చూసింది.

 అక్క చేతిలోని తడి గుడ్డను మడత పెట్టింది, విప్పింది, మళ్ళీ మడత పెట్టింది.

"పిల్లలు పోయాయి, అది వదిలెయ్" అంది చివరికి. "నీ ఉద్యోగం నాకు తెలియదు. గాలి ఎవరి చేతిలోనూ ఉండదు, పొరపాటు పడ్డావు అనుకుంటాను. కానీ వారం రోజులు ఈయన్ని నేను అనరాని మాటలన్నాను. నా మొగుడు దొంగలా ముద్ద మింగాడు. నువ్వు నా పక్కనే కూర్చుని విన్నావు. పెట్టె తుడుస్తూ విన్నావు. నిన్ను నేనే పెంచానా అనిపిస్తోందే నాకు."



"ఊరుకోవే" అన్నాడు బావ భార్యతో. మరదలి వైపు తిరిగాడు. "బ్యాటరీ మార్చనిది నేనే కదా. నువ్వు లెక్క దిద్ది ఉంటే ఆ రోజు గడిచిపోయేది, ఇంకో రోజు ఇదే జరిగేది. నా వంతు నాదే. నువ్వొచ్చి తీసుకున్నంత మాత్రాన అది నీదైపోదు."

ఆయన మంచితనంతోనే అన్నాడు. కానీ ఆమెకు ఓదార్పు దొరకలేదు. తన వంతు ఇంకా బరువెక్కినట్టే తోచింది.

"కాఫీ పెట్టనా?" అన్నాడు బావ, ఏం చెయ్యాలో తోచక.

"వద్దు" అంది అక్క. "వెళ్ళనీ దాన్ని."

ఆమె వెళ్ళిపోయింది. అక్క కూతురు గేటు దాకా వచ్చింది కానీ పిన్నీ అని పిలవలేదు.

చాన్నాళ్ళు ఆ ఇంటి నుంచి కబురు లేదు. ఈలోగా కంట్రోల్ రూమ్ నుంచి మేనేజర్‌కు ఒక షరతు వచ్చింది. గాలి వాటా పెంచుతాం, కానీ ప్రతి పూటా లెక్కతో పాటు ఆ లెక్క మీద ఎంత నమ్మకముందో కూడా చెప్పాలి, అనుమానం వస్తే గడువుతో పని లేకుండా ఫోన్ చెయ్యాలి, ఆ ఫోన్ చేసేది ఆవిడే కావాలి. మేనేజర్ మొహం ముడుచుకుని ఆమెను మళ్ళీ పాత బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. పెద్దాయన ఎందుకలా అడిగాడో ఆమెకు అంతుపట్టలేదు. ఒకసారి తప్పు ఒప్పుకున్న మనిషి మళ్ళీ దాచదని నమ్మాడేమో. ఆ నమ్మకానికి తాను తగనని ఆమెకు ప్రతి పొద్దునా అనిపించేది. అయినా ఫోన్ చేసేది. కొన్నిసార్లు ఆయన నిజంగానే నవ్వేవాడు. నవ్వి, పక్కనున్నవాళ్ళకు గ్యాస్ ప్లాంటు సంగతి చూడమని చెప్పేవాడు.

ఒక మధ్యాహ్నం ఆమె సెల్‌ఫోన్ మీద అక్క నంబరు కనిపించింది. మొదటి రింగుకే ఎత్తింది.

"రేపు గుడ్లు పగులుతాయి" అంది అక్క. బాగున్నావా అని అడగలేదు. "గాలి ఎలా ఉంటుంది?"

ఆమె తెర వైపు చూసింది. ఉంటుంది అక్కా, భయపడకు అని చెప్పాలని ప్రాణం కొట్టుకుంది.

"పొద్దున బాగుంటుంది. మధ్యాహ్నం తర్వాత నాకు నమ్మకం లేదు. కంట్రోల్ రూమ్‌కు చెప్పాను, ప్లాంటు సిద్ధంగా ఉంచుతామన్నారు. అయినా బావను జనరేటర్ దగ్గర ఉండమను."

"ఉంటాడు" అంది అక్క.  అవతల ట్రేలు పేరుస్తున్న చప్పుడు వినిపిస్తోంది.

"సరే అయితే" అని అక్క ఫోన్ పెట్టేసింది.