బావమరిదికి ఐదేళ్లు

బడి గోడకి అంటించిన కాగితంలో చాలా ఉన్నాయి. ఉచితంగా కళ్ల పరీక్ష, పళ్ల పరీక్ష. చదువులో వెనకబడ్డవాళ్లకి ట్యూషను. దూరంగా ఉండేవాళ్లకి బస్సు. అట్టడుగున, సాయంత్రం ఏడింటిదాకా పిల్లల్ని బళ్లోనే ఉంచుకునే సదుపాయం. వడ్రంగికి కావాల్సింది ఆ ఆఖరిదే. అదీ ఉచితమే. కాకపోతే తల్లిదండ్రుల్లో ఒకరు ‘పిల్లలతో మాట్లాడే తీరు’ అనే తరగతికి వచ్చి, మేడమ్ చేత సరే అనిపించుకోవాలి. ఆరో తరగతిలో తనని బయటికి నెట్టిన బడి ఇన్నేళ్లకి మళ్లీ రమ్మంటోందంటే, అప్పటి కక్ష ఇంకా తీరలేదన్నమాట అనుకున్నాడు.

వెళ్లక తప్పదు. భార్య పనిచేసే ప్యాకింగ్ కంపెనీలో ఆరున్నర దాటితే గానీ వదలరు. బడి వదిలింది మొదలు అందాకా, లేక లేక పుట్టిన కూతురు అతని షెడ్డులో రంపపు పొట్టులో ఆడుకుంటోంది. మొన్నామధ్య తిరుగుతున్న రంపం దగ్గరికి బొమ్మని పట్టుకొచ్చి, “దీనికి జుట్టు కత్తిరించు నాన్నా” అంది. ఆ పూట మొగుడికీ పెళ్లానికీ ముద్ద దిగలేదు. బళ్లో చోటు దొరక్కపోతే ఆవిడ పని మానెయ్యాలి. మానేస్తే ఇల్లు గడవదు.

తరగతి గదిలో అడుగు పెట్టగానే మొదటి కుర్చీలో బావమరిది కనిపించాడు. పెయింటరు. వాడి కొడుకూ ఈ బళ్లోనే. మూడేళ్ల కిందట డ్రిల్లింగ్ మిషను అడిగి తీసుకెళ్లి, పగలగొట్టి, నల్ల టేపు చుట్టి, చప్పుడు చెయ్యకుండా షెడ్డులో పెట్టేసి పోయాడు. అడిగితే, “అది ముందే అలా ఉంది బావా” అన్నాడు. ఆనాటినుంచీ ఎడమొహం పెడమొహం. వడ్రంగి వాడి వంక చూడకుండా వెళ్లి ఆ చివరి కుర్చీలో కూర్చున్నాడు.

అక్కడే చెడింది.

“పక్కపక్కన కూర్చున్నవాళ్లు తెలిసినవాళ్లై ఉంటారు, ఊరికే నవ్వుతారు,” అంది మేడమ్. “అందుకని ఈ చివర ఒకరు, ఆ చివర ఒకరు జతగా రండి.”

బావమరిదిని పిల్లల కుర్చీలో కూర్చోబెట్టింది. బుర్ర మీసం, బానపొట్ట, గోళ్లలో ఆకుపచ్చ రంగు. “మీకు ఐదేళ్లు. ఏదో వస్తువు పగలగొట్టారు,” అంది. వడ్రంగి చేతికో కాగితం ఇచ్చింది. “మీరు తండ్రి. గొంతు పెంచకూడదు. పిల్లాడి కళ్ల ఎత్తుకి వంగాలి. ‘ఎవరు చేశారు’ అనకూడదు, ‘ఏం జరిగింది’ అనాలి. మధ్యలో లేచిపోతే చోటు లేనట్టే.”

వడ్రంగి బావమరిది ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు. తల తీసేసినంత పనైంది.

“ఏం జరిగింది కన్నా?” అన్నాడు. ‘కన్నా’ అనేది కాగితంలోనే ఉంది.

“ఏం జరగలేదు నాన్నా.”

“మరి పగిలింది కదా?”

“అది ముందే అలా ఉంది.”

అదే మాట, అదే గొంతు. వడ్రంగి చెవులు ఎర్రబడ్డాయి. లేవబోయాడు. మేడమ్ పెన్ను మూత తీసింది. బొమ్మ జుట్టు గుర్తొచ్చి మళ్లీ చతికిలబడ్డాడు.

“ముందే అలా ఉంటే,” అన్నాడు పళ్లు నూరుతూ, “టేపు ఎవరు చుట్టారు కన్నా?”

“‘ఎవరు’ అనకూడదండీ,” అంది మేడమ్.

“టేపు ఎలా చుట్టుకుంది కన్నా?”

“చాలా బాగుంది,” అంది మేడమ్.

బావమరిది గోళ్లలో రంగు గీక్కున్నాడు. “చెయ్యి జారింది నాన్నా. నిచ్చెన మీంచి పడింది.”

“చెప్పి ఏడవొచ్చు కదరా!”

మేడమ్ దగ్గింది.

“చెప్పొచ్చు కదా కన్నా.”

“చెబితే కొడతావని.”

“నిన్నెప్పుడు కొట్టాను?”

“అక్క పెళ్లైన కొత్తలో. నీ సైకిలు గొలుసు తెంపానని చెంప పగలగొట్టావు.”

“ఐదేళ్లవాడికి అక్క పెళ్లేమిటండీ?” అంది మేడమ్.

“పెద్దక్కండీ,” అన్నాడు బావమరిది.

వడ్రంగి కాగితం చూశాడు. తర్వాతి మాట ఒక్కటే ఉంది. చదివాడు.

“అప్పుడు నీకెలా అనిపించింది కన్నా?”

“వారం దాకా చెవి గుయ్యిమంటూనే ఉంది,” అన్నాడు బావమరిది. “ఎవరూ అడగలేదు.”

పక్క జంట నవ్వడం మానేసింది. మేడమ్ ఏదో రాసుకుని, “సరే. రేపట్నుంచి పాపని ఉంచెయ్యండి,” అంది. “వచ్చేవారం ఆయన తండ్రి, మీరు పిల్లాడు. పగలగొట్టినదేదో ముందే అనుకుని రండి.”

బయట ఇద్దరూ చెరో వైపూ చూస్తూ నిలబడ్డారు. బావమరిది బండి స్టార్టవలేదు. వడ్రంగి మాట్లాడకుండా తన బండి వెనక సీటు దులిపాడు. వాడూ మాట్లాడకుండా ఎక్కాడు.

ఇంట్లో భార్య, చోటు దొరికిందన్న మాట విని, ఊపిరి పీల్చుకుని, “మా తమ్ముడూ వచ్చాడట. మాట్లాడావా?” అంది.

“వాడితో నాకు మాటల్లేవు. ఎవరో ఐదేళ్ల పిల్లాడితో మాట్లాడాను.” అన్నం కలుపుతూ, “వచ్చేవారం నేను పిల్లాణ్ణి. ఏం పగలగొట్టానని చెప్పాలో తోచడం లేదు,” అన్నాడు.

“తోచకపోవడమేం? మావాడి చెంప ఉందిగా.”

వడ్రంగి ముద్ద మింగాడు.

“అది ముందే అలా ఉంది,” అన్నాడు.