పొద్దుటి పొగ

సోమవారం పొద్దున్న సత్యశ్రీ కళ్ళు తెరిచేసరికి మంచం పక్కన స్టూలు మీద టీ గ్లాసు ఉంది. దానిమీద చీమలు పడకుండా మూత కూడా ఉంది. పెళ్ళయిన పదకొండేళ్ళలో సురేంద్ర వంటింట్లోకి వచ్చింది మంచినీళ్ళకే గాని మరి దేనికీ కాదు. అలాంటి మనిషి పాలు పొంగకుండా దించి, పంచదార డబ్బా ఎక్కడుందో కనిపెట్టి, టీ పెట్టి, పెళ్ళాం మంచం దాకా తెచ్చాడు. ఊరక రారు మహానుభావులు అన్నారు పెద్దలు.

"రోజూ నువ్వే లేస్తున్నావు. ఇంకాసేపు పడుకో," అని భుజం తట్టి షెడ్డులోకి వెళ్ళిపోయాడు. టీ బాగానే ఉంది. బాగా ఉండటమే ఆమెని మరీ భయపెట్టింది.

"మగాడు టీ పెట్టి చేతికిస్తే తాగాలి గానీ, ఎందుకూ ఏమిటీ అని ఆరా తీస్తారటమ్మా?" అంది అత్తగారు చిన్నమ్మలు. "మీ మావయ్యగారు నా జన్మలో ఒక్క గ్లాసుడు నీళ్ళు ముంచి ఇచ్చెరగరు. నీ అదృష్టం బాగుంది."

"ఆయ్, అత్తయ్యగారూ," అంది సత్యశ్రీ. మంగళవారం కూడా టీ వచ్చింది. బుధవారం కూడా వచ్చింది. ఇంకో ఆడదయితే మొగుడి ఫోను తీసి చూసేది. సత్యశ్రీకి మాత్రం ఎందుకో షెడ్డు వైపే మనసు పోయింది.

రాజోలు నుంచి తాటిపాక వెళ్ళే రోడ్డు పక్కన ముందు షెడ్డు, వెనక ఇల్లు. షెడ్డు మీద 'సురేంద్ర మోటార్స్' అని బోర్డు. వంటింటి కిటికీ షెడ్డులోకి తెరుచుకుంటుంది. ఆ కిటికీయే వాళ్ళ వ్యాపారం అని ఊళ్ళో ఒక్కరికి తప్ప ఎవరికీ తెలియదు. సురేంద్ర బోల్టులు విప్పడంలో, బిగించడంలో దిట్ట. కాదన్నవాళ్ళ కళ్ళు పోతాయి. రోగం కనిపెట్టడం మాత్రం అతని వల్ల కాదు. అది సత్యశ్రీ తండ్రి అప్పారావు దగ్గర నేర్చుకున్న విద్య. ఆయన దిండిలో లాంచీల ఇంజన్లూ, కార్లూ బాగుచేసేవాడు. మగపిల్లలు లేరు గనక లైటు పట్టుకోమని కూతుర్ని పిలిచేవాడు. లైటు పట్టుకున్న పిల్ల ఊరికే ఉంటుందా, చూసింది, విన్నది, వాసన పట్టింది.

ఇప్పుడు బండి వచ్చి ఆగగానే సత్యశ్రీ కూర తిప్పుతూనే చెవి అటు వేస్తుంది. సురేంద్ర కాసేపు బానెట్ ఎత్తి తల ఊపి, "ఒక్క నిమిషమండీ, మంచినీళ్ళు తాగొస్తాను," అంటాడు. జేబులో స్పార్క్ ప్లగ్గు వేసుకుని వంటింట్లోకి వస్తాడు. ఆమె పసుపు చేతుల్తోనే దాన్ని వెలుతురుకి పెట్టి చూసి, వాసన చూసి, రెండు ముక్కలు చెబుతుంది. అతను నిజంగానే గ్లాసుడు నీళ్ళు తాగి, మూతి తుడుచుకుంటూ బయటికి పోయి ఆ రెండు ముక్కలూ చెబుతాడు. "ఆహా, సురేంద్రగారిది చెయ్యి కాదండి, ఎక్స్‌రే మిషను," అంటారు వచ్చినవాళ్ళు. ఆ మాట కిటికీ లోంచి వినబడుతుంది. అప్పటికి కూర మాడుతుంటుంది, మళ్ళీ దానికి అత్తగారి చేత మాట పడాలి.

బోర్డు రాయించే రోజున ఒక్కసారి అడిగింది, నా పేరు కూడా పక్కన పెట్టించకూడదా అని. "ఆడదాని మాట మీద ఇంజను విప్పుతున్నారని తెలిస్తే ఒక్క బండి మన గుమ్మం తొక్కదు. అయినా మనిద్దరిలో పేరు ఎవరికొస్తే ఏంటి?" అన్నాడు. మనిద్దరిలో ఎవరికొస్తే ఏంటి అనే మాట ఎప్పుడూ పేరు వచ్చినవాళ్ళే అంటారని అప్పటికి ఆమెకి తట్టలేదు. తట్టేసరికి బోర్డు రంగు రెండుసార్లు వెలిసింది.

బుధవారం షెడ్డు గుడ్డలు నానబెట్టే రోజు. ఆమె పాత చీరలే ముక్కలు చేసి షెడ్డులో తుడవడానికి వాడతారు, వారానికొకసారి బకెట్లో సబ్బుపొడి వేసి ఆమే ఉతుకుతుంది. పసుపు వాయిల్ చీర ముక్కలు మూడు వేరుగా చేతికి తగిలాయి. మూడింటి మీదా గాజు అచ్చు గుద్దినట్టు గుండ్రంగా నల్లటి మరక. సైలెన్సర్ గొట్టం లోపల వేలు పెట్టి తుడిస్తే పడే మరక అది. మంచి బండికయితే ఆ మసి పొడిగా, బూడిదలా ఉంటుంది. ఇది జిడ్డుగా, తడిగా ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. మాడిన ఇంజనాయిలు. మూడు రోజులు, మూడు టీలు, మూడు గుడ్డలు.

షెడ్డులో ఆ వారం ఉన్న పెట్రోలు కారు ఒక్కటే. విజయకుమార్ అనే కువైట్ ఆయన సరదా పడి కొన్న ఎర్రకారు. చూడ్డానికి చిన్నదే గానీ, తొక్కితే నిమిషానికి ఏడు వేల చుట్లు తిరిగే పొగరుబోతు ఇంజను. ఆయన మళ్ళీ కువైట్ పోతూ ఆదివారం సాయంత్రం తెచ్చి, బేరం కుదర్చమని సురేంద్రకి అప్పగించాడు. కొంటానంటున్నది కాలేజీలో ఫిజిక్స్ చెప్పే షైనీ మేడం.

గురువారం పొద్దున్న టీ వచ్చింది. సురేంద్ర స్నానానికి వెళ్ళాడు. సత్యశ్రీ గ్లాసు పట్టుకునే షెడ్డులోకి వెళ్ళి, ఎర్రకారు బానెట్ మీద అరచెయ్యి పెట్టింది. ఆరు కాలేదు, రాత్రంతా కదలని కారు. రేకు జ్వరం వచ్చిన పిల్ల నుదుటిలా కాలుతోంది.

అక్కడే నిలబడి టీ తాగేసింది, పారబొయ్యడం ఇష్టం లేక. ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నే చల్లటి ఇంజను స్టార్టు చేసినప్పుడు ఒక్కసారి గుప్పున నీలంపొగ వచ్చి కాసేపటికి పోయిందంటే, రాత్రంతా వాల్వు కాడల వెంట ఆయిలు కిందికి కారి సిలిండర్లో చేరిందని అర్థం. ఆ కాడల చుట్టూ ఉండే రబ్బరు సీళ్ళు పోయాయి. ఇంజను ఒకసారి వేడెక్కితే ఆ పొగ దేవుడికి కూడా కనిపించదు. సురేంద్ర అయిదింటికే స్టార్టు చేసి, పొగంతా పోనిచ్చి, గొట్టం తుడిచి, ఆ తర్వాత టీ పెడుతున్నాడు. స్టార్టు చప్పుడు ఫాను హోరులో కలిసిపోయింది, ఆ పొగ వాసన కూడా పోయేదాకా తలుపులేసిన గదిలో ఆమెని ఇంకాసేపు పడుకోమంటున్నాడు. ప్రేమ కాదని ముందే తెలుసు. తెలిసినా కళ్ళలో నీళ్ళు తిరిగాయి, ఆ నాలుగు గ్లాసుల టీకీ ఆమె లోపల్లోపల కాస్త సంతోషపడింది గనక.

బానెట్ ఎత్తి చూసింది. ఇంజను తలలాంటి హెడ్డు మీద, వాల్వుల కప్పు అంచున కొత్త సీలెంట్ జిగురు మెరుస్తోంది.

"హెడ్డు విప్పేరా ఏంటండి?" అంది, అతను తల తుడుచుకుంటూ రాగానే.

"నేనా? నేనెందుకు విప్పుతాను? నేనేం పాడుచెయ్యలేదు."

పాడయిందని ఆమె అనలేదు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నాడు. నెలన్నర కిందట అత్తగారి కంటి ఆపరేషన్‌కి తోడుగా సత్యశ్రీ పది రోజులు కాకినాడలో ఉంది. చుక్కల మందు ఆమే వెయ్యాలి, ఆసుపత్రి మంచం కింద ఆమే పడుకోవాలి, కొడుకు మాత్రం రోజూ ఫోను చేసి 'అమ్మ ఎలా ఉంది' అని అడగాలి. ఆ పది రోజుల్లో ఈ కారు ఒకసారి షెడ్డుకి వచ్చిందనీ, ఆయిలు మార్చి పంపించాననీ అప్పుడు చెప్పాడు. ఆయిలు మార్చడానికి ఆ కప్పు విప్పక్కర్లేదు.

ఏడున్నరకి షైనీ మేడం స్కూటర్ మీద వచ్చింది. ఒకసారి సురేంద్ర ఊళ్ళో లేనప్పుడు ఆ స్కూటర్ని సత్యశ్రీయే బాగుచేసింది. అప్పట్నుంచి ఆవిడ వచ్చిందంటే కిటికీ వైపు చూసి నవ్వుతుంది.

"ఆడవాళ్ళకి అంత పికప్ ఎందుకండి మేడంగారూ? చిన్న బండి ఏదైనా చూద్దాం గదా," అన్నాడు సురేంద్ర, మాటవరసకి.

"పికప్ మగాళ్ళ పాదాలకి మాత్రమే తెలుస్తుందాండి?" అంది ఆవిడ.

సురేంద్ర నవ్వి ఆవిడని ఎక్కించుకున్నాడు. సత్యశ్రీ తనూ వస్తానని వెనక కూర్చుంది. తాటిపాక దాకా కారు పట్టుబట్టలా జారింది. "దిండి వంతెన ఎక్కిద్దామండి," అంది సత్యశ్రీ. సురేంద్ర అద్దంలోంచి ఒక చూపు చూశాడు. "అంత దూరం ఎందుకు, మేడంగారికి కాలేజీ టైమయిపోద్ది," అని వెనక్కి తిప్పాడు.

కోనసీమ అంతా అరచెయ్యిలా చదును. ఎత్తూ పల్లమూ కావాలంటే వంతెన ఎక్కాల్సిందే. అప్పారావు ఏ పెట్రోలు బండి వచ్చినా వంతెన మీదికి తోలి, దిగేటప్పుడు యాక్సిలరేటర్ మీంచి కాలు తీసేసి, కిందికి రాగానే గట్టిగా తొక్కేవాడు. కూతుర్ని వెనకద్దం వైపు తిప్పి కూర్చోబెట్టేవాడు. "ఏం కనిపించిందే?" "నీలంగా ఒక్క బుస్సు వచ్చి పోయింది నాన్నా." "అయితే పిస్టన్ రింగులు కాదు, వాల్వులే. రింగులయితే ఎక్కేటప్పుడు కూడా పొగే." ఆ పాఠం పెళ్ళయిన కొత్తలో సురేంద్రకి చెప్పింది తనే. ఆ వంతెననే ఇప్పుడు ఆమె ఎక్కకుండా తప్పిస్తున్నాడు.

షెడ్డు దగ్గర దిగాక షైనీ మేడం సురేంద్రని కాదు, ఆమెనే అడిగింది. "సత్యశ్రీగారూ, మీరు బాగుందంటే తీసేసుకుంటానండి."

ముందు రోజే సురేంద్ర చెప్పి ఉంచాడు. "ఆవిడ నిన్ను అడుగుద్ది. బాగుందని ఒక్క మాట చెప్పు. నీకేం పోయింది?" ఏం పోయింది! నగ కాదు, పొలం కాదు, తండ్రి దగ్గర్నుంచి తెచ్చుకున్నది ఆ ఒక్క మాటే. పదకొండేళ్ళుగా దాన్ని మంచినీళ్ళతో పాటు ఇతనికి పోసింది. బయట ఎవరి నోట్లో పడినా ఇంతవరకూ అది అబద్ధం కాలేదు. ఇప్పుడు మొదటిసారి ఒకరు ఆమెని ఆమెగా అడుగుతుంటే, చెప్పే మొదటి మాట అబద్ధం కావాలా?

"రేపు ఆరింటికి రాగలరాండి?" అంది సత్యశ్రీ. "చల్లగా ఉన్నప్పుడు చూడాలండి బండిని."

"అయితే ఆరింటికే వస్తాను," అంది షైనీ మేడం. సురేంద్ర మూసి ఉన్న బానెట్‌నే మళ్ళీ నొక్కి మూశాడు.

శుక్రవారం టీ రాలేదు. అయిదింటికి లేచి సురేంద్ర మేకు మీద తాళం కోసం వెతికి, బల్ల మీద వెతికి, షెడ్డులోకి వచ్చాడు. ఎర్రకారు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో సత్యశ్రీ కూర్చుని ఉంది. కారు తాళం ఆమె కొంగు చివర ముడిలో ఉంది.

"తాళం ఇయ్యి."

"మేడంగారు వచ్చేకండి."

"నా పరువు తీద్దామనా? నువ్వు కాకినాడలో ఉన్నప్పుడు, నువ్వు లేకుండా నేను చెయ్యలేనా అని చేసేను. మా అమ్మ మీదొట్టు, కొత్త సీళ్ళే వేసేను. ఎందుకు కారుతున్నాయో నాకు తెలీదు." నిన్నట్నుంచి సత్యశ్రీ మోసం అనుకున్నది ఇదన్నమాట. ఒక్కసారైనా ఆమె లేకుండా గెలవాలని చూశాడు, ఓడిపోయింది ఆమెకి కూడా తెలియకూడదనుకున్నాడు. ఆమెకి కోపంతో పాటు జాలి కూడా వేసింది. జాలి వేసినంత మాత్రాన కొంగు ముడి విప్పలేదు.

"సీలు ఎక్కించేటప్పుడు స్ట్రా పెట్టేరా?" అని అడిగింది.

"ఏం స్ట్రా?"

వాల్వు కాడ కొసన చిన్న గాడి ఉంటుంది. దాని అంచు బ్లేడులా ఉంటుంది. సీలుని ఊరికే తోస్తే దాని రబ్బరు పెదవి తెగిపోతుంది. అందుకని కూల్‌డ్రింక్ తాగే స్ట్రా చిన్న ముక్క కోసి, కొసకి తొడిగి, నూనె రాసి, దాని మీంచి సీలు జారుస్తారు. అప్పారావు కనిపెట్టిన చిట్కా. హెడ్డు విప్పిన ప్రతిసారీ సత్యశ్రీయే ఆ పని చేసేది, సన్నటి వేళ్ళు గనక. ఎన్ని హెడ్లు! ప్రతిసారీ సురేంద్ర పక్కనే కూర్చుని ఫోను చూసుకునేవాడు. పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఆమె చేతుల వైపు చూడలేదు. అయిదు రోజులుగా వెతుకుతున్న జబ్బు ఇక్కడ దొరికింది సత్యశ్రీకి. అది కారుది కాదు.

ఆరింటికి స్కూటర్ వచ్చి ఆగింది. సత్యశ్రీ ఆవిడ చెయ్యి తీసి బానెట్ మీద పెట్టింది. "చల్లగా ఉంది," అంది ఆవిడ. సత్యశ్రీ కొంగు ముడి విప్పి, సీట్లో కూర్చుని, తాళం తిప్పింది. వెనక గొట్టంలోంచి గుప్పున నీలంపొగ లేచి, రేకుల కప్పు దాకా పోయి, 'సురేంద్ర మోటార్స్' బోర్డు కిందనించి రోడ్డు మీదికి వెళ్ళింది. అలికిడికి చిన్నమ్మలు ముక్కు మూసుకుంటూ గుమ్మంలోకి వచ్చింది.

"ఏంటండి సురేంద్రగారూ ఈ పొగ?" అంది షైనీ మేడం.

సురేంద్ర అలవాటు చొప్పున చేతులు తుడుచుకున్నాడు. "ఒక్క నిమిషమండీ, మంచినీళ్ళు తాగొస్తాను," అని వెనక్కి తిరిగి, వంటింటి గడప దాకా వెళ్ళి, అక్కడ ఆగిపోయాడు. లోపల ఎవరూ లేరు.

"వాల్వు సీళ్ళు తెగినాయండి మేడంగారూ," అంది సత్యశ్రీ, కారు దిగుతూ. పొద్దున్నే నిద్ర లేచిన గొంతులా ఉంది, అయినా షెడ్డంతా వినబడింది. "వాల్వులు కదిలే గైడ్లు కూడా అరిగేయేమో, హెడ్డు విప్పితే గానీ చెప్పలేను. ఇంజను మంచిదే. అవి సరిచేసేక, వంతెన ఎక్కించి చూసేకే కొనుక్కోండి."

"ఎవరు చేస్తారండి?"

"నేను చేస్తానండి."

తర్వాత వంటింటి వైపు తిరిగింది. అతను ఇంకా గడప మీదే, లోపలికీ బయటికీ కాకుండా నిలబడి ఉన్నాడు.

"ఏవండీ, గడప దాకా వెళ్ళేరు గదా, రెండు టీలు పెట్టి పట్టుకురండి," అంది. "పంచదార ఎక్కడుందో మీకు తెలుసుగా."