వెర్నా ఇంటి దుమ్ము

నా భార్య వెర్నా ఇల్లు ఎలా ఉంచుతుందంటే, ఈగ కూడా కాళ్లు తుడుచుకునే వాలాలి. మా నెబ్రాస్కాలో ఎటు చూసినా మొక్కజొన్నే. గాలి లేస్తే మన్ను లేస్తుంది. మా గుమ్మం దాకా వచ్చి భయపడి ఆగిపోతుంది.

అలాంటి ఇంటికి ఒక చదువుకున్నామె దుమ్ము కోసం వచ్చింది.

ఆమె పేరు టెస్ లిండ్‌గ్రెన్. పొలాల్లో కొట్టే మందులు ఇళ్లలోకి ఎంత చేరుతున్నాయో, కడుపుతో ఉన్నవాళ్లనీ పుట్టే బిడ్డల్నీ ఏం చేస్తున్నాయో పరిశోధిస్తోంది. మా కోడలు జెనెల్ తనంతట తానే ఆమెకి పేరిచ్చింది. కిందటేడు జెనెల్‌కి కడుపు నిలవలేదు. ఇప్పుడు మళ్లీ ఐదో నెల. ఎందుకు పోయిందని అడగడం మా వాళ్లకి చేతకాదు. ఆ పిల్ల అడుగుతోంది. సొంత ఇల్లు లేచేదాకా కొడుకూ కోడలూ మాతోనే ఉంటున్నారు.

టెస్ హాల్లో కార్పెట్ మీద టేపుతో చదరం అతికించి, తన వాక్యూమ్ ఆడించింది. దాంట్లో దుమ్ము చేరే సీసా ఎత్తి చూసింది. ఖాళీ.

"ఎప్పుడు శుభ్రం చేశారండీ?"

"నువ్వొస్తున్నావని పొద్దున్నే. నిన్న కూడా," అంది వెర్నా గర్వంగా.

"అమ్మా, నాకు కావలసింది దుమ్మే. వచ్చే గురువారం మళ్లీ వస్తాను. అప్పటిదాకా ఊడవకండి. మీకు పుణ్యముంటుంది."

వెర్నా మంగళవారం దాకా ఓర్చుకుంది. బుధవారం సాయంత్రం నేను పశువుల దగ్గర్నుంచి వచ్చేసరికి ఇల్లు అద్దంలా మెరుస్తోంది. వెర్నా మెట్ల మీద కూర్చుని ఏడుస్తోంది.

"చెయ్యి ఆగలేదు, ఎల్డన్."

నేను పక్కన కూర్చుని బూట్లు విప్పుకున్నాను.

మర్నాడు టెస్ సీసా నిండింది. దాన్ని వెలుగులో పెట్టి చూసి, లోంచి ఒక పసుపుపచ్చ ఈక బయటికి లాగింది.

"మీరు పిట్టల్ని పెంచుతారా?"

పసుపుపచ్చ పిట్ట ఉన్నది పక్క పొలం లొరేన్ ఇంట్లో. ఆవిడ ఇంట్లో దుమ్ముకి కరువు లేదని వెర్నా పెళ్లైన నాటి నుంచీ చెబుతూనే ఉంది.

"రాత్రి ఒక సంచెడు అడిగి తెచ్చి కార్పెట్ మీద చల్లాను," అంది వెర్నా నేలచూపులు చూస్తూ. "ఇవ్వనంటుందేమో అనుకున్నా. నవ్వుతూ రెండు సంచులిచ్చింది, పాడు మనిషి!"

టెస్ నవ్వాపుకుంది. "ఇది తీసుకెళ్తే ఆవిడ పిట్ట సంగతి తెలుస్తుంది గానీ, జెనెల్ సంగతి తెలియదు కదండీ."

నేను నవ్వాను. జెనెల్ నవ్వలేదు.

"నాకు ఈ ఇంటి దుమ్మే కావాలి. నేనేం పీలుస్తున్నానో, నా బిడ్డకేం వెళ్తోందో తెలియాలి. పోయినసారి ఊరంతా వంటలు వండి తెచ్చారు, నెల్లాళ్లు తిన్నాం. ఒక్కరూ ఒక్క సంగతి చెప్పలేదు."

వెర్నా మొహం పాలిపోయింది. "ఒట్టు, ఈ ఇంట్లో ఎక్కడా లేదే తల్లీ! ఉంటే దోసిట పట్టి ఇవ్వనూ?"

అప్పుడు మూలనుంచి గురక వినిపించింది. మావాడు డారెల్. పొద్దున్నుంచీ కలుపు మందు కొట్టి వచ్చి, ఆ బట్టలతోనే వాలుకుర్చీలో పడి నిద్రపోతున్నాడు. వాడు లేస్తే జెనెల్ అందులో కాళ్లు చాపుకుంటుంది. ఆ కుర్చీ ఖాళీగా ఉండగా నేను చూడలేదు. వెర్నా దాని చుట్టూ తుడుస్తుంది.

జెనెల్ కుర్చీ వంక చూసింది. టెస్ కూడా చూసింది.

"డారెల్, లే," అంది జెనెల్.

"భోజనమా?"

"నీ మొహం. లే!"

మెత్తలు ఎత్తారు. మన్ను, మొక్కజొన్న పొట్టు, రెండు నట్లు, కిందటి క్రిస్మస్ మిఠాయి. వెర్నా ఏప్రన్ మొహం మీదికి లాక్కుంది. టెస్ మోకాళ్ల మీద కూలబడి, "ఇంత మంచి దుమ్ము ఈ కౌంటీలో ఇంకెక్కడా చూడలేదు!" అంది. పరాయి మనిషి అంత మాట అన్నందుకు వెర్నా ఆ పూట అన్నం ముట్టలేదు.

వేసవి చివర్లో ఫలితం చెప్పడానికి టెస్ తనే వచ్చింది. కుర్చీ దుమ్ములో కలుపు మందు బాగానే ఉందట.

"పోయినసారి దానివల్లేనా?" అంది జెనెల్.

"తెలియదు. అవునన్నా కాదన్నా అబద్ధమే అవుతుంది. ఇలాంటి ఇళ్లు ఇంకా ఎన్నో చూడాలి. కానీ పొలంలో ఉండాల్సింది పొలంలోనే ఉంటే మంచిది."

జెనెల్ చాలాసేపు ఆమె చెయ్యి వదల్లేదు. తెలియదని కూడా అంతవరకూ ఎవరూ నోరు తెరిచి చెప్పలేదు.

డారెల్ ఆ పూటే కుర్చీని ట్రాక్టర్ షెడ్డులోకి మోశాడు. ఆనాటి నుంచి పని బట్టలు అక్కడే విప్పి, లోదుస్తులతో పెరడు దాటి స్నానానికి వస్తాడు. సరిగ్గా ఆ వేళకే లొరేన్ పికప్ అటుగా వెళ్లి హారన్ కొడుతుంది.

కోతలు మొదలయ్యాక పాప పుట్టింది. దాని ఏడుపుకి షెడ్డు రేకులు అదిరాయి.

పాప పాకే వయసొచ్చాక టెస్ మళ్లీ దుమ్ము కోసం వస్తానని కబురు పెట్టింది. అంతకు రెండు రోజుల ముందు లొరేన్ మా ఇంటికొచ్చి, టీవీ బల్ల మీద వేలితో గీసి, ఆ వేలి వంక చూసి గుండె పట్టుకుంది.

"వెర్నా! ఒంట్లో బాగాలేదా?"

వెర్నా రెండు చేతులూ ఒళ్లో గట్టిగా అదిమిపెట్టుకుని కూర్చుంది.

"మళ్లీ వేలు పెట్టకు, లొరేన్. ఆ దుమ్ము మా మనవరాలిది."