రంగోడి గోళ్ళు

నోట్లు అచ్చేసే ప్రెస్సులో రంగులు కలిపే పని అతనిది. అందుకని వీధి వీధంతా అతన్ని రంగోడనే పిలిచేది. కొత్త నోటు వేసినప్పుడల్లా ప్రెస్సులో రంగు మారేది. ఎంత సబ్బు అరగదీసినా ఆ రంగు గోళ్ళ సందుల్లోంచి పోయేది కాదు. గోళ్ళలో కొత్త రంగు కనిపించిందంటే ఇంకా సున్నాలు పెరిగిన నోటు వస్తున్నట్టే. అది వచ్చిన పూట ధరలు ఆకాశానికి ఎగిరేవి, దాచుకున్న పాత నోట్లు పొయ్యి రాజేయడానికి మిగిలేవి.

"బయట ఒక్క ముక్క మాట్లాడను" అని ఉద్యోగంలో చేరిన రోజే అతను సంతకం పెట్టాడు. ఆ మాట తప్పలేదు కూడా. ఎవరూ అడగలేదు, అతను చెప్పలేదు. కుళాయి దగ్గర చేతులు కడుక్కుంటుంటే మాత్రం పదిమంది తొంగిచూసేవాళ్ళు. "ఏంటి రంగోడా, ఇవాళ వేళ్ళు నీలంగా ఉన్నాయి?" అని ఎవరో ఇకిలించేవాళ్ళు. సాయంత్రానికల్లా కొట్లో నూనె డబ్బా మిగిలేది కాదు. రేడియోలో మంత్రులు ఎంత గొంతు చించుకున్నా ఆ వీధి నమ్మింది అతని గోళ్ళనే.

అందరికంటే ఎక్కువగా నమ్మింది అక్క. అమ్మానాన్నలు పోయాక కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి పెంచిన మనిషి ఆమె. ప్రెస్సులో ఉద్యోగానికి అతను తొడుక్కెళ్ళిన చొక్కా కూడా ఆ మిషను మీద కుట్టిందే. ఇప్పుడు బావ కడుపులో గడ్డ. సోమవారం ఆపరేషన్. ఆ పొద్దున్నే డబ్బంతా నగదుగా కట్టాలన్నారు ఆసుపత్రివాళ్ళు. ముందే కడతామంటే ఒప్పుకోలేదు. ముందు తీసుకుంటే ఆ డబ్బు వాళ్ళ చేతిలో కరిగిపోతుంది, వాళ్ళేమైనా అమాయకులా!

ఆ వారమే ప్రెస్సులో కాగితం కోసేవాణ్ణి పోలీసులు పట్టుకుపోయారు. పాపం, వాడు నోరు విప్పింది లేదు. వాడి భార్య తొందరపడి బస్తాలకొద్దీ సరుకులు కొంది, అంతే. మర్నాటి నుంచి గేటు దగ్గర ఒక బక్కెట్టులో కిరసనాయిలు, పక్కన ఇనుప పీచు. చేతులు తోముకుని, కాపలావాడికి చూపించి బయటికెళ్ళాలి. రంగోడు తోలు లేచేదాకా తోముకున్నాడు. ఆ వారం కలిపింది ఊదా రంగు. ఆ నోటు మీద సున్నాలు చూస్తే అతనికే కళ్ళు తిరిగాయి.

ఆపరేషన్ డబ్బు కోసం అక్క కుట్టుమిషను అమ్మకానికి పెట్టింది. శనివారం సాయంత్రం అతను ఆమె ఇంటికి వెళ్ళేసరికి దాన్ని కొనే మనిషి కుర్చీలో తిష్ట వేసి ఉన్నాడు. అక్క ఎప్పటిలాగే తమ్ముణ్ణి పెరట్లోకి తీసుకెళ్ళి చేతుల మీద నీళ్ళు పోసింది.

"డబ్బైనా ఇస్తాడటరా, బంగారం గాజులైనా ఇస్తాడట," అంది గొంతు తగ్గించి. "డబ్బు తీసుకుంటే ఆపరేషన్‌కి సరిగ్గా సరిపోతుంది. గాజులైతే అమ్మేచోట కోత పెడతారు, కాస్త తక్కువ పడుతుంది." అంటూనే అతని చేతులు తిప్పి చూసింది. "ఇదేంటి, కిరసనాయిలు వాసన?"

"ప్రెస్సులో మిషన్లు తుడిచాం," అన్నాడు.

"గోళ్ళు తెల్లగా ఉన్నాయి. అంటే ఈ వారం ఏమీ లేదన్నమాట." ఆమె హాయిగా ఊపిరి పీల్చుకుంది.

గాజులు తీసుకో అక్కా అంటే చాలు. ఆ ఒక్క మాటకి రంగోడికి నోరు పెగల్లేదు. కాగితం కోసేవాడి భార్య గేటు పట్టుకుని ఏడవడం కళ్ళ ముందు ఆడింది. ఆ వెనకే తన పిల్లల మొహాలు. లోపల ఆ మనిషి చెవులు రిక్కించుకుని వింటున్నాడేమో కూడా. వాడు వెళ్ళాక చెబుదాంలే అనుకున్నాడు. వాడు అక్క చేతిలో డబ్బు పెట్టి, వెళ్తూ వెళ్తూ మిషను తీసుకునే వెళ్ళాడు. ఇక చెప్పి ఏం లాభం అనుకున్నాడు రంగోడు. దీనికి పెద్ద పెద్ద పేర్లు అక్కర్లేదు. భయపడ్డాడు, అంతే.

సోమవారం తెల్లవారుతూనే రేడియోలో కొత్త నోటు కబురు చెప్పారు. అతను పరుగున ఆసుపత్రికి వెళ్ళేసరికి కౌంటర్ అద్దం మీద పాత రేట్ల కాగితాన్ని కప్పేస్తూ కొత్తది అంటించి ఉంది. జిగురు ఇంకా ఆరలేదు. సంచీ ఒళ్ళో పెట్టుకుని అక్క బెంచీ మీద కూర్చుంది. ఆ డబ్బుకి ఇప్పుడు మత్తుమందు కూడా రాదని గుమాస్తా చెప్పాడట. కసురుకోలేదట, మెల్లగానే చెప్పాడట.

రంగోడు పక్కన కూర్చున్నాడు. అక్క అతని చెయ్యి అందుకుంది. బొటనవేలి గోటి మొదట్లో, పీచు అందని చోట, సన్నటి ఊదా గీత. కౌంటర్ దగ్గర ఎవరో కొత్త నోటు పట్టుకుని నిలబడ్డారు. ఆమె ఆ నోటు వంక చూసింది, మళ్ళీ గోటి వంక చూసింది.

"గేటు దగ్గర కడిగించారక్కా," అన్నాడు అతను ఏడుపు గొంతుతో. "కడుక్కోకపోతే బయటికి పోనివ్వరు. నోరు విప్పితే జైల్లో వేస్తారు."

"నోటు సంగతి చెప్పమని నిన్ను ఎప్పుడైనా అడిగానా?" అంది అక్క. "గేటు దగ్గర చేతులు కడిగించారు అంటే చాలేది కదరా. మిగతాది నేను అర్థం చేసుకునేదాన్ని. ఆ వాసనేంటని అడిగాను కూడా."

అవతల చక్రాల మంచం మీంచి బావ తల కాస్త ఎత్తాడు. "ఎప్పుడు పిలుస్తారట?" అని అడిగాడు.

"పిలుస్తార్లెండి," అంది అక్క. సంచీ అక్కడే బెంచీ మీద పెట్టి, తమ్ముడి చెయ్యి వదిలేసి, భర్త దగ్గరికి వెళ్ళింది.