ఎవరి వాటాకీ రాని చేప

ముంతాజ్ బేగం పొద్దున లేచి చేసే మొదటి పని పొయ్యి రాజేయడం కాదు. బావినీళ్లు చేది, చెంబుతో అద్దాల తొట్టిలోకి మూరెడెత్తు నుంచి సన్నధారగా పోయడం. ధారతో పాటు గాలి దిగితేనే చేపలు బతుకుతాయని, వాటిని తెచ్చిచ్చిన హెబ్రోను చెప్పాడు. సూళ్లూరుపేటలో వాళ్ల బావి ఉప్పన. మనుషులు ఆ నీళ్లు నోట పెట్టలేకపోయేవాళ్లు గానీ, ఆఫ్రికా సరస్సులో పుట్టిన ఆ చేపలకు అవి బాగా పడ్డాయి. అడుగున పులికాట్ గుల్లలు పరిచి, మూలమూలా రాళ్లు పేర్చింది.

రెండో పని, సూదీ దారం పట్టుకుని తన అన్నదమ్ముల బట్టలు చూడటం. తొట్టిలో ఒక నీలం చేప తోక చిరిగితే అన్న చాంద్ బాషా లుంగీ అంచు చిరిగేది. రెండో నీలం చేపకు గాటు పడితే తమ్ముడు ఖాదర్ మొహిద్దీన్ చొక్కా మోచేతి దగ్గర పిగిలేది. తొట్టిలో ఏం జరిగితే ఇంట్లో అదే జరిగేది. దర్జీల ఇల్లు కాబట్టి దీన్ని ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. చిరిగితే కుట్టుకోవాలి, అంతేగా.

ముంతాజ్‌కి మాత్రం తొట్టిలో చేప లేదు. ఆమె చీరకు ఏనాడూ చిరుగు పడలేదు.

పక్కవీధి హెబ్రోను మద్రాసు హార్బరులో ఓడెక్కి ఆఫ్రికా రేవులు తిరిగే వంటవాడు. మొగుడు పోయి పుట్టింటికి చేరిన మనిషికి పొద్దుపోతుందిలే అని, కిందటేడు చేపల డబ్బా ముందుపెట్టి ఏవి కావాలో ఏరుకోమన్నాడు. గుడ్డను బట్టి దారం, చొక్కా కుడిచేతికి తగ్గ ఎడమచెయ్యి, అన్నీ ఒకే రంగులో కలవాలని చిన్నప్పటినుంచీ నేర్చిన కన్ను ముంతాజ్‌ది. డబ్బా నిండా రంగురంగులవి ఈదుతుంటే, అచ్చు ఒకేలా ఉన్న రెండు నీలం మగచేపల్ని ఏరుకుంది. మూడోది వద్దంది. రెండే అయితే విశాలంగా ఉంటాయని ఆమె ఆలోచన. పాపం, మంచి ఆలోచనే!

ఆనాటి నుంచి ఇంట్లో నెమ్మది లేదు. అన్నదమ్ములిద్దరిదీ ఒకే అంగడి, ఒకే కత్తెర, ఒకే బేరాలు. మాట మాట పెరిగి చివరికి ఇల్లు చెరిసగం చేసుకుందామన్నారు. నడిమింట్లో సుద్దతో గీత గీశారు. శుక్రవారం నమాజు కాగానే మేస్త్రి వెంకయ్య వచ్చి ఆ గీత మీద గోడ లేపుతాడు. మిషన్లు, మంచాలు, కోళ్లతో సహా అన్నీ పంచుకున్నారు. ముంతాజ్ వంతు వచ్చేసరికి ఇద్దరూ నేలచూపులు చూశారు.

"అల్లూరులో మామ ఇంట్లో వంటకు మనిషి లేదంట మా," అన్నాడు చాంద్ బాషా.

"ఎన్నాళ్లుండాలన్నా?"

"అట్టడిగితే నేనేం చెప్పేది?"

ఖాదర్ ఆ మాటకు అడ్డం చెప్పలేదు. ఏడాదిలో అన్నదమ్ములు ఏకమైన మాట అదొక్కటే. ముంతాజ్‌కి ఏడుపు కూడా రాలేదు. ట్రంకుపెట్టె దించి దుమ్ము దులుపుకుంది.

గురువారం సాయంత్రం హెబ్రోను ఓడ దిగి ఇల్లు చేరాడని విని పరిగెత్తింది.

"అన్నా, ఒక నీలందాన్ని తీసి నీకిచ్చేస్తా. కొట్లాట ఆగుద్ది గదా?"

"ఇస్తే ఇయ్యి. మీవోళ్లిద్దర్లో ఎవుడు ఇల్లొదిలి పోతాడో మరి," అన్నాడు హెబ్రోను. ముంతాజ్ నోటికి చెంగు అడ్డం పెట్టుకుంది.

అతను గోడకు చేరగిలబడి కూర్చున్నాడు. "తప్పు నాదేలేమా, ఆరోజే చెప్పుండాల. ఇయ్యి రాతిచేపలు, రాళ్ల సందుల్లో కాపరముండేయి. సైజుకు సైజు కలవాల, రంగుకు రంగు కలవకూడదు. తన రంగే ఇంకోదానిమీద కనపడితే ఓర్చుకోలేవు. ఇంకోటి, రెండే ఉంటే తొట్టంతా నాదంటే నాదంటయ్. కిటకిటలాడేటట్టు పెట్టు. అప్పుడు తరమతాయ్, కానీ ఒకదాని ఎంటే పడి చంపవు. కొత్తయి వదిలేముందు రాళ్లన్నీ మార్చెయ్. పాత చోటు ఎవురికీ మిగలకూడదు."

మద్రాసులో ఎవరో దొర కోసం తెచ్చిన డబ్బా మూత తీశాడు.

"దొరకేం చెప్తావన్నా?"

"దార్లో చచ్చినయ్యంటా. ఏరుకో."

ఈసారి ముంతాజ్ తన కంటికి నచ్చినవన్నీ వదిలేసి, ఒకదానికొకటి పొసగని రంగులు ఏరింది. నారింజది, తెల్లది, నల్లచారలది, మచ్చలది. తొమ్మిదయ్యాయి. పదోది నిమ్మపండు రంగుది, డబ్బా మూల ఒంటరిగా ఉంది. దాన్ని చాలాసేపు చూసి, అదీ తీసుకుంది.

శుక్రవారం అన్నదమ్ములు మసీదుకు వెళ్లగానే తొట్టిలో చేతులు పెట్టి రాళ్లన్నీ మార్చింది. పది చేపల్నీ వదిలింది.

వాళ్లు తిరిగొచ్చేసరికి, తొట్టిలో రాళ్లలాగే గదులు మారి, వంటిల్లు నడిమింట్లో ఉంది. చాంద్ బాషా పడకగది పెరటివైపుకు, ఖాదర్ గది వీధివైపుకు జరిగాయి. సుద్దగీత మాత్రం కదల్లేదు. ఇప్పుడది సరిగ్గా పొయ్యి మధ్యలోంచి పోతోంది.

వెంకయ్య నూలుతాడు చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. "పొయ్యిమింద గోడ ఎట్టా లేపేది సాయిబూ? తిరిగి కొలుచుకోండి."

కొలవబోతే కొలతలు కుదరలేదు. నా వాటాలో నీ మంచమంటే, నీ వాటాలో నా మిషనని మళ్లీ మొదలైంది. ఆ రభసకు పక్కింటి గురవమ్మ వచ్చింది. వచ్చిందాన్నిగదా అని రవికె గుడ్డ తీసి కొలతివ్వమంది. ఎదురింటి అల్లాబక్షు సర్దిచెప్పడానికొచ్చి, పైజామా కుట్టించే సంగతెత్తాడు. ఒక్కొక్కరే చేరి వాకిలి నిండింది. అన్నదమ్ములు ఒకరి మీద ఒకరు అరవబోతే, వచ్చినవాళ్లలో ఎవరో టేపు చేతికిస్తున్నారు. ఆఖరికి వెంకయ్య కూడా తాడు చుట్టేసి, "ఎట్టాగూ వచ్చినాను, నాకో చొక్కా కొలవండి," అన్నాడు. అతనితో కలిపి తొమ్మిదిమంది.

గోడ మాట ఆపూట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అలాగని ప్రేమలు పొంగలేదు. అన్నదమ్ములు ఎడమొహం పెడమొహంగానే కొలతలు తీశారు. కానీ చేతులు చాలక చాంద్ బాషా లోపలికి కేకేశాడు.

"ముంతాజూ! రవికెలు నువ్వు చూడుమా, మావల్ల కాదు!"

ముంతాజ్ ట్రంకుపెట్టె దాటుకుని వచ్చి, గురవమ్మ ముందు కూర్చుంది. ఖాదర్ కత్తెర అందించబోతూ ఆగిపోయాడు.

"అక్కా, నీ చెంగు చిరిగిందే!"

ముంతాజ్ చెంగు చేతిలోకి తీసుకుంది. అంచున చిన్న గాటు, ఏదో కొరికినట్టు. తొట్టివైపు చూసింది. నిమ్మపండు రంగు చేప, తోక కొసన చిరుగుతో, గుంపు మధ్యలోంచి దూసుకుపోతోంది. ఏడాదిగా రాని కన్నీళ్లు ఒక్కసారిగా వచ్చాయి.

"ఇటియ్యి, నేను కుడతా," అని చాంద్ బాషా సూదిలోకి దారం ఎక్కించాడు.

"వద్దన్నా," అంది ముంతాజ్, చెంగు గుప్పిట్లో బిగించుకుని. "అది అట్టే ఉండనీ."