ఏడో బోనులో ఎలుకలు

నేను అక్షరాలు దిద్దింది యాభై దాటాక. ఒత్తులు తప్పుతాయి. ఒక్క పేజీ రాయడానికి రెండు పూటలు పడుతుంది. చదివేవాళ్లు మన్నించాలి.

మా ఆయన పోయాక మా మరిది తను పనిచేసే ప్రయోగశాలలోనే నన్ను ఎలుకల గదుల్లో పనికి పెట్టించాడు. బోనులు కడగాలి, రంపపుపొట్టు మార్చాలి, చచ్చినవాటిని ఏరాలి. గదులు రెండు. మొదటిదాంట్లో మామూలు ఎలుకలు. రెండోదాంట్లో ఉన్నవాటికి మందులు పట్టి, ముక్కులో గొంతులో క్రిమి అన్నది లేకుండా చేసేవారు. స్నానం చేసి, మూతికి గుడ్డ కట్టుకుంటే గాని ఆ గదిలోకి వెళ్లనివ్వరు. అంత శుభ్రంగా పెంచినా, ముక్కులో న్యుమోనియా చుక్క వేస్తే మూడు రోజుల్లో రొప్పి రొప్పి చచ్చేవి. మామూలువి చాలావరకు బతికేవి. ఎందుకలా అన్నది తేల్చడమే ఆ ప్రయోగాలు చేయించే డాక్టరమ్మ పని.

మా సూపర్‌వైజరును వెనకాల ఉడుం అనేవాళ్లం. పట్టుకుంటే వదలడు.

ఒకరోజు రెండో గదిలో ఏడో బోను మూత బిగిస్తూ ఒక ఎలుక మెడ నలిపేశాను. చీటీ మీద అయిదని ఉంది, లోపల నాలుగే మిగిలాయి. అంతకు నెల ముందు ఇలాగే ఒకటి తగ్గితే ఉడుం ఇనుప మూత తీసి నా మొహాన విసిరాడు. మామూలు గదిలో ఎక్కువైనవాటిని మెడ విరిచి పారెయ్యడం కూడా నా పనే. ఆ పూట పదింటిని విరవాలి. తొమ్మిదింటిని విరిచి, పదోదాన్ని గౌను మడతలో దాచి తెచ్చి ఏడో బోనులో వేశాను. అన్నీ తెల్లవే, పోలిక తెలియదు. మిగతా నాలుగూ దాని చుట్టూ చేరి మూతి నాకాయి.

మూడు వారాలకు ఉడుం ఆ గదిలోని పన్నెండు బోనుల ఎలుకలకూ న్యుమోనియా చుక్కలు వేశాడు. మూడో రోజుకి పదకొండు బోనుల్లో అన్నీ చచ్చాయి. మూతుల దగ్గర ఎర్రటి నురగ. ఏడో బోనులో అయిదూ గింజలు కొరుకుతున్నాయి.

ఉడుం మా మరిది కాలరు పట్టుకున్నాడు. బోనులు బల్ల మీదికి అందించింది అతనే.

"ఏడోది నా దగ్గరికి తేలేదు నువ్వు! తేకుండానే చీటీ మీద గీత కొట్టేశావు!"

"తెచ్చానయ్యా. మీ చేత్తోనే వేశారు."

"అంటే నేను అబద్ధాలకోరునా?" ఇనుప మూతతో చెంప మీద కొట్టాడు.

మరిది నెత్తురు ఉమ్మి, "ఇంకోటి వెయ్యండి. దెబ్బలు నేను తింటే అవి చస్తాయేమో," అన్నాడు.

రెండో దెబ్బకు పన్ను ఊడి నా కాళ్ల దగ్గర పడింది. నేను తడిగుడ్డ కర్ర పట్టుకుని నిలబడ్డాను. చెబితే పని పోతుంది. మూడో దెబ్బ చెవి మీద పడింది. గోడకు నెత్తుటి చార పూసుకుంటూ మరిది జారిపోయాడు. ఉడుం అతని డొక్కలో తన్నాడు.

"ఆపరా! ఎలుకను మార్చింది నేను!" అని అరిచి, కర్రతో వాడి మణికట్టు మీద కొట్టాను. ఎముక విరిగిన చప్పుడు నాకే వినిపించింది.

డాక్టరమ్మ పరుగున వచ్చి అంతా విన్నది.

"మామూలు గది ఎలుకా? ఎన్ని రోజులున్నాయి కలిసి?"

"ఇరవై నాలుగు. ముందు మా మరిదిని చూడండమ్మా."

చూసింది. చెవికి దూది కడుతూనే చెప్పింది: "దాని ముక్కులో క్రిములు మిగతావాటికి అంటాయి. హాని చేసేవి కావవి. అవి ఉంటేనే ఊపిరితిత్తుల్లో కాపలా కణాలు మేలుకుని ఉంటాయేమో. మందులతో వాటిని చంపేసి, కాపలాను మనమే నిద్రపుచ్చాం."

ఊపిరితిత్తులు చూడాలంది. ఆ అయిదింటి మెడలూ నేనే విరిచాను. కోసి చూస్తే లేత గులాబీ రంగులో ఉన్నాయి. చచ్చినవాటివి గడ్డకట్టిన నెత్తుటి ముద్దలు.

ఆ వారమే ఉడుమునూ నన్నూ తీసేశారు. మరిదిని ఉంచారు. డాక్టరమ్మ కావాలనే మళ్లీ అలా కలిపి చూసిందట. కలిపినవి బతికాయని మరిదే వచ్చి చెప్పాడు.

మొదటి దెబ్బకే నిజం నా నోటి దాకా వచ్చిందని అప్పుడు అతనితో చెప్పాను. వినబడని చెవిని తడుముకున్నాడు.

"రెండో దెబ్బకైనా చెప్పుంటే ఈ చెవి మిగిలేది వదినా," అన్నాడు. ఆపైన అన్నం పెట్టమన్నాడు.

బోనులమ్మ అంటారు నన్ను. అరవై ఒకటి నిండాయి. ఇప్పుడు ఉంటున్నది మరిది ఇంట్లో, వంటగది పక్క గదిలో.