మమత పెళ్ళి మబ్బులు

హిందూపురంలో పెళ్ళి ఫొటోలు చూసి ఆకాశాన్ని నమ్మేవాళ్ళంత అమాయకులు ఇంకొకరుండరు. ఆ ఆకాశాలన్నీ డ్రోన్‌తో ఫొటోలు తీసే మంజునాథ్ కంప్యూటర్‌లోవి. డ్రోన్ ఎంత ఎత్తుకు ఎగిరినా దాని కెమెరా పక్కలకీ కిందికీ చూస్తుందే గానీ నెత్తి మీదికి చూడలేదు. చుట్టూ తిప్పి తీసిన ఫొటోలు అతికిస్తే నేలంతా వస్తుంది, కొండలొస్తాయి, సరిగ్గా పైన మాత్రం నల్లటి బొక్క మిగులుతుంది. ఆ బొక్కకు మంజునాథ్ వేరే రోజు ఆకాశాన్ని తెచ్చి అతుకేస్తాడు. మబ్బుల్లేకపోతే పెళ్ళివాళ్ళు మొహం మాడ్చుకుంటారు కాబట్టి మబ్బులున్నదే వేస్తాడు. అన్నిట్లోకీ అతనికిష్టమైనవి ధర్మవరంలో ఒక చీరల వ్యాపారి కూతురు మమత పెళ్ళినాడు పట్టిన మబ్బులు. ఆ మబ్బులు ఇప్పటికి సగం జిల్లా పెళ్ళిళ్ళకు హాజరయ్యాయి.

ఈ ఏడు అసలు మబ్బు మొహం చాటేసింది. పెనుకొండ దగ్గర మంజునాథ్ సొంతూరు తుమ్మలగొందిలో వేరుశనగ పూత మీదే ఎండిపోయింది. ఊరు కరువు జాబితాలోకి ఎక్కితే విత్తనాలొస్తాయి, గొర్రెలకు మేతొస్తుంది. ఎక్కకపోతే ఇళ్ళకు తాళాలేసి బెంగుళూరు బస్సెక్కాల్సిందే. కరువు ఉందో లేదో తేల్చే కమిటీ సార్లేమో ఈసారి ఎండలో తిరగదలుచుకోలేదు. ప్రతి ఊరూ తన పొలాలను డ్రోన్‌తో చుట్టూ తీయించి పంపితే, ఏసీ గదిలో కూర్చుని ఫోన్‌లో వేలితో తిప్పి చూస్తామన్నారు. అదేదో పెద్ద ఘనకార్యమైనట్టు పేపర్లో కూడా వేయించుకున్నారు.

"మనోడుండంగా బయటోళ్ళెందుకప్పా?" అంది మంజునాథ్ తల్లి నారాయణమ్మ, ఊరంతా వినేట్టు.

డ్రోన్ మోతకు గొర్రెలు బెదరకుండా అడ్డం నిలబడిన ఎర్రప్ప, "బాగా ఎండినట్టు తీయబ్బా" అని బతిమాలాడు. అందుకు మంజునాథ్ కష్టపడాల్సిన పనేమీ లేకపోయింది.

హిందూపురం తిరిగొచ్చి ఫొటోలు అతకడానికి కూర్చున్నాడు. ఆ పక్క మెరిసే పెళ్ళి ఆల్బం, ఈ పక్క ఎండిన చేను, చేతికి మాత్రం రెండూ ఒకటే పని. నేల కుదిరింది, పెనుకొండ కొండ కుదిరింది. పైన బొక్క కనిపించగానే వేలు దానంతటదే మమత పెళ్ళి మబ్బుల మీదికి పోయింది. ఫొటోకు భలే కళ వచ్చిందని మురిసిపోయి పంపేశాడు.

జాబితా వచ్చింది. అందులో తుమ్మలగొంది లేదు.

మంజునాథ్ పడుతూ లేస్తూ పెనుకొండలో కమిటీ అధికారి గంగాధర దగ్గరికి పోయాడు.

"మీదేం కరువయ్యా?" గంగాధర ఫోన్‌లో ఫొటోను పైకి తిప్పి చూపించాడు. "నెత్తి మీద ఇంత మబ్బు పెట్టుకుని కరువంటే నవ్విపోతారు."

"చేలు చూడండి సార్!"

"చేలకు వాన పైనుంచే కదా వచ్చేది? అందుకే మేం పైనే చూశాం."

 ఊరందరి నోట్లో తానే మన్ను కొట్టానని మంజునాథ్‌కు అర్థమైంది. సిగ్గు విడిచి, ఆ మబ్బులు తమ ఊరివి కావని చెప్పేశాడు. ఒక మూల పెద్దది చేసి, పెళ్ళిలో వదిలిన ఎర్ర బెలూన్ కూడా చూపించాడు.

గంగాధర బెలూన్‌ను తీరిగ్గా చూశాడు. "ఆకాశాన్నే మార్చినవాడివి, నేలను మార్చలేదని ఎట్లా నమ్మేది? అసలు ఆకాశం తీసుకురా. అది మీ ఊరిదేనని తెలియాలి."

మంజునాథ్ తన తల్లి చేలోకే పోయి, కాలుతున్న మన్నులో వెల్లకిలా పడుకుని ఫోన్ పైకి పట్టాడు. నీలంగా, బోసిగా ఉంది ఆకాశం. ఏ ఊరిదైనా కావచ్చు.

"మేం అడ్డం నిలబడితే మా ఊరిదేనని తెలుస్తాది గదా?" అంది నారాయణమ్మ. ఆమె వంగింది. పక్కన ఎర్రప్ప, అతని పెండ్లాం యల్లక్క, ఇరుగుపొరుగువాళ్ళు, అందరూ చుట్టూ చేరి అతని మీదికి వంగారు. ఆ మొహాల నడుమ ఒక్క మబ్బు తునక లేని ఆకాశం. ఒక్కరన్నా తిట్టలేదు. తిట్టినా బాగుండేదనిపించి మంజునాథ్‌కు ఏడుపొచ్చింది.

గంగాధర ఆ ఫొటో చూసి తలాడించాడు. "బాగుంది. కానీ జాబితా మీద సంతకాలైపోయాయి. వచ్చే ఏడు చూద్దాం." మంజునాథ్ లేవబోతుంటే గొంతు తగ్గించాడు. "ఆ పెళ్ళి మబ్బులు మాత్రం భలే ఉన్నాయబ్బా. వచ్చే వారం మా గృహప్రవేశం. కొత్తింటిని డ్రోన్‌తో తీసి, పైన అవే పెట్టు. బెలూన్ తీసేయ్."

"అట్లే సార్" అన్నాడు మంజునాథ్.

గృహప్రవేశానికి కమిటీ పెద్ద శోభారాణి కూడా వచ్చింది. భోజనాలయ్యాక గంగాధర ఫోన్‌ను హాల్లోని పెద్ద టీవీకి కలిపి, మంజునాథ్ అప్పుడే పంపిన ఫొటోను తనే వేలితో తిప్పుతూ ఒక్కొక్కటీ చూపించాడు. పాలరాతి మెట్లు, పచ్చగడ్డి, కొత్త కారు.

"ఇప్పుడు పైన చూడండి మేడం, ఎంత చల్లటి మబ్బులో!" అని వేలు కిందికి లాగాడు.

టీవీలో మబ్బుల్లేవు. బోసి ఆకాశం చుట్టూ ఎండకు కమిలిన మొహాలు గంగాధర ఇంటి మీదికి వంగి చూస్తున్నాయి.  గంగాధర కంగారుగా పక్కకు తోశాడు. ఫొటో గిర్రున తిరిగి మళ్ళీ అక్కడికే వచ్చింది.

"ఎవరు వీళ్ళు?" అంది శోభారాణి.

  వెనక నిలబడిన మంజునాథ్ ముందుకొచ్చాడు.

"మా ఊరోళ్ళు మేడం. తుమ్మలగొంది. నెత్తి మీద మబ్బుండాదని మమ్మల్ని కరువు జాబితాలో రాయలేదు. ఆ మబ్బు నేను అతికించింది. మాకుండే ఆకాశం ఇదీ."

శోభారాణి గంగాధర చేతిలోంచి ఫోన్ తీసుకుంది. ఫొటోను కిందికి తిప్పి ఎండిన గడ్డిపోచ ఒక్కటి లేని ఆ పెరటిని చూసింది. మళ్ళీ మెల్లగా పైకి తిప్పింది. నారాయణమ్మ అక్కడే ఉంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, ఆ ఇంటిని చూస్తూ.